గాలి ఊపిరి బిగబట్టిన రోజు

ముందే ఒట్టేసి చెబుతున్నా. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. అబద్ధమైతే నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఈ క్షణమే ఊడి ఒళ్ళో పడాలి. చూడండి, కదిలాయా? కదల్లేదుగా. మరింకేం, కాళ్ళు ముడుచుకుని కూర్చుని వినండి.

ఒకప్పుడు గాలికి వేళాపాళా ఉండేది కాదు. దారీతెన్నూ అంతకన్నా ఉండేది కాదు. తూర్పు నుంచి పడమటికి పోతూ పోతూ, ఉత్తరాన ఏదో పని గుర్తొచ్చిందని అటు మళ్ళేది. తీరా అక్కడికి వెళ్ళాక ఎందుకొచ్చానా అని మర్చిపోయి, ఉన్నచోటే గిర్రున తిరిగేది.

సముద్రం ఒడ్డున గవ్వలపేట అని ఒక పల్లె ఉండేది. ఊరంతా చేపలు పట్టేవాళ్ళే. గాలికి ఆ ఊరంటే మహా ముచ్చట. పీకడానికి తాటాకు కప్పులు, లాగడానికి తెరచాపలు, ఎగరేయడానికి తలపాగాలు అక్కడ కావలసినన్ని దొరికేవి మరి.

ఒకరోజు తూర్పువీధి కప్పులన్నీ ఊడదీసి పడమటివీధి ఇళ్ళమీద పెట్టింది. ఇంకోరోజు ఊరిపెద్ద పంచె లాగి మేకకు కట్టింది. ఊరికే చుట్టడం కాదు, కుచ్చిళ్ళు పోసి, గోచీ పెట్టి మరీ కట్టింది. పొద్దుటి మసకలో ఆ మేకను చూసి ఊళ్ళో సగంమంది వంగి దండం పెట్టారు. మిగతా సగంమంది దానికి తగువులు కూడా చెప్పుకున్నారు. మేక తీర్పు బాగానే చెప్పిందని ఇప్పటికీ అంటారు.

ఎవరన్నా చుట్ట వెలిగిస్తే చాలు, ఉఫ్‌మని ఆర్పేసి పోయేది. అందుకే ఆ ఊరి ముసలమ్మలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, చల్లటి కొసను గాలికి వదిలేసేవాళ్ళు.

ఇదంతా ఒడ్డున ఉన్నవాళ్ళకు నవ్వులాట. తెప్పల మీద వేటకు పోయేవాళ్ళకు కాదు. లోపలికి పోదామంటే గాలి ఒడ్డుకు తోసేది. ఒడ్డుకు వద్దామంటే లోపలికి తోసేది. వేటకెళ్ళిన మొగుడు మధ్యాహ్నం బువ్వకొస్తాడో, మనవడి పెళ్ళికొస్తాడో చెప్పలేని కాలం.

ఆ ఊళ్ళో అసిరి అని ఒకావిడ ఉండేది. గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. ఆవిడ గొంతు ఎలాంటిదంటే, గవ్వలపేటలో "నెత్తళ్ళోయ్" అని కేకేస్తే నాలుగు కొండల అవతల ఇళ్ళలో పొయ్యిమీద పులుసు సలసలా మరిగేది. చేపలు ఇంకా రాకముందే. ఆవిడ మొగుడు నూకన్న. ఆయనకు గొంతు ఉందో లేదో ఊళ్ళో ఎవరికీ తెలీదు, అసిరి పక్కనుండగా వినే అవకాశం ఎవరికొచ్చింది గనక.

ఊరి వెనక సముద్రానికి ఎదురుగా నున్నకొండ. ఆ కొండమీద ఒక సామి. ఊళ్ళోవాళ్ళు ఆయన్ను ఊపిరిసామి అనేవాళ్ళు. పొద్దస్తమానం వెన్ను నిటారుగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి పీలుస్తూ వదులుతూ కూర్చునేవాడు. అంతే. ఇంకో పని లేదు.

అసిరికి ఆయన్ను చూస్తే ఒళ్ళుమంట. పుట్టినకాడినుంచీ తానూ పీలుస్తోంది, వదులుతోంది, పైగా నెత్తిమీద గంప పెట్టుకుని మరీ చేస్తోంది, తనకెవరూ అరటిపళ్ళు తెచ్చిపెట్టరేమని అడిగేది. అదీ ఎక్కడో చాటున కాదు, కొండకింద నిలబడి ఆయనకు వినపడేట్టుగా. సామి నవ్వేవాడు. ఒక అరటిపండు కిందికి దొర్లించేవాడు. అసిరి తిట్టుకుంటూనే తినేది.

ఇలా ఉండగా, ఒకరోజు గాలికి ఆయాసం వచ్చింది.

మీరు నవ్వుతారు గానీ నిజం. యుగాలుగా ఆగకుండా పరుగెడితే ఎవరికి రాదు? రొప్పుతూ, ఎగపోస్తూ, నున్నకొండ మీదికొచ్చి పడింది. అక్కడ సామి కూర్చుని ఉన్నాడు. ఆయాసంలోనూ అది తన బుద్ధి పోనిచ్చుకోలేదు. సామి గడ్డం లాగింది. జడలల్లింది. జడలకు ఎండ్రకాయలు వేలాడదీసింది. చెవిలో ఇసక పోసింది. సామి కదల్లేదు. పీల్చాడు, వదిలాడు. పీల్చాడు, వదిలాడు.

గాలికి పౌరుషం వచ్చింది. తనను చూసి కదలనివాడు ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు. నీ దగ్గరున్న మందేదో నాకూ చెప్పమని సామిని అడిగింది.

సామి కళ్ళు మూసుకునే చెప్పాడు. "మందూ లేదు, మాయా లేదు. కదలకుండా కూర్చో. ఊపిరి లోపలికి వచ్చేటప్పుడు 'సో' అని వినపడుతుంది. విను."

గాలి ఏ మాటా చివరిదాకా వినే రకం కాదు. సగం వినేసరికే అంతా వచ్చేసిందనుకుంది. ఎగిరి కొండకొమ్మున కూర్చుంది. సముద్రం వైపు మొహం పెట్టింది. 'సో' అంటూ ఊపిరి పీల్చింది.

ఇక్కడ సామి మిగతా సగం తీరిగ్గా చెబుతూనే ఉన్నాడు. ఊపిరి బయటికి పోయేటప్పుడు 'హం' అని వినపడుతుంది, రెండూ కలిపితే 'అదే నేను' అని అర్థం, దేన్నీ పట్టుకోకూడదు, దేన్నీ తోయకూడదు, వచ్చేదాన్ని రానివ్వాలి, పోయేదాన్ని పోనివ్వాలి అని. చక్కగా చెప్పాడు. వినడానికి ఎదురుగా ఎవరూ లేరు.

గాలి పీల్చిన పీల్పు మామూలు పీల్పా? ఒక్క గుక్కలో లోకంలో ఉన్న గాలంతా దాని కడుపులోకి పోయింది. ఆరేసిన వలలు, మూడు కోళ్ళు, ఊరిపెద్ద పంచె, అన్నీ కొండవైపు ఎగిరాయి. సముద్రం మీద తెరచాపలు ఒక్కసారి టపామని నిండి, అంతలోనే తడిగుడ్డల్లా వాలిపోయాయి.

తర్వాత ఏం చెయ్యాలో గాలికి తెలీదు. తెలీదని అడగడానికి నామోషీ. అడుగుదామన్నా నోటినిండా గాలి. బుగ్గలు ఉబ్బించుకుని, ఊపిరి బిగబట్టి, బొమ్మలా కూర్చుంది.

లోకం ఆగిపోయింది. ఆకు కదల్లేదు. మబ్బు ఉన్నచోటే నిలబడి కాళ్ళు నొప్పులంది. ఎగురుతున్న కొంగలు గాలిలేక దబదబా కిందపడి, నడుచుకుంటూ ఇంటికి పోయాయి. మరి మనుషులకు ఊపిరెలా ఆడిందంటారా? కుండల్లోనూ, ఇంటిమూలల్లోనూ, చంకల్లోనూ దాక్కున్న పాతగాలి కొంత మిగిలింది. దాంతో సరిపెట్టుకున్నారు. బాగుందని మాత్రం ఎవరూ అనలేదు.

ఊళ్ళోవాళ్ళు కొండెక్కి చూశారు. అల్లరి గాలి కదలకుండా జపానికి కూర్చుంది. ఎంత నిష్ఠ, ఎంత నిగ్రహం అని చెంపలేసుకున్నారు. కొబ్బరికాయలు కొట్టారు. పక్క ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. పొగిడినకొద్దీ గాలి బుగ్గలు ఇంకా బిగించింది. సామి దాని పక్కన నిలబడి "వదులు నాయనా, వదులు" అని గొంతు చించుకున్నాడు. బుగ్గలు అంతలా ఉబ్బితే చెవులు మూసుకుపోతాయి. మీరు చేసి చూడండి. ఇప్పుడు కాదు, కథయ్యాక.

అసిరికి మాత్రం కొబ్బరికాయలు కనపడలేదు. ఆవిడ కళ్ళు సముద్రం మీదున్నాయి.

ఆ పొద్దున నూకన్న తెప్ప వేసుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు ఇద్దరికీ మాటామాటా పెరిగింది. మాట అసిరిది, మాటా అసిరిదే. నూకన్న ఊరుకున్నాడు. ఊరుకున్నాడని ఇంకా కోపమొచ్చి, "పో, రాకపోతే పీడా విరగడవుద్ది" అంది. వేటకు పోయే మనిషితో అనకూడని మాట అది. అనేశాక తానే నాలిక కరుచుకుంది. అప్పటికే తెప్ప అల దాటేసింది.

ఇప్పుడు ఎక్కడో దూరాన నూకన్న మాసికల తెరచాప, రొయ్యపిల్లంత కనపడుతోంది. చుట్టూ ఇంకొన్ని తెప్పలు. కదలవు. తెడ్లు వేస్తే నీటివాలు వెనక్కి లాగుతోంది. సొరకాయ బుర్రల్లో తీసుకెళ్ళిన మంచినీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? చుట్టూ సముద్రమంత నీళ్ళున్నా గుక్కెడు తాగడానికి పనికిరావు.

ఆ పూట అసిరి ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు తెల్లారేసరికి కూడా తెరచాప అక్కడే ఉంది. అసిరి గుండెలమీద రోలు పెట్టినట్టయింది. ఊపిరి పైపైనే ఆడుతోంది, లోపలికి దిగడం లేదు.

విసవిసా కొండెక్కింది. గాలి మొహం తేరిపార చూసింది. కళ్ళు నిలిచిపోయాయి. బుగ్గలు ఎర్రగా కందాయి. పలకరిస్తే పలకదు. చుట్టూ జనం నోళ్ళు తెరుచుకుని పొగుడుతున్నారు. పిల్లల్ని కన్న తల్లికి ఈ జబ్బేదో తెలియకుండా ఉంటుందా?

"దీనికి జపం కాదు, పాడూ కాదు. దిష్టి కొట్టింది" అంది అసిరి.

ఊరి ఆడవాళ్ళంతా అవునంటే అవునన్నారు. ఇంతసేపూ తమకెందుకు తట్టలేదా అని బుగ్గలు నొక్కుకున్నారు. సామి ఏదో చెప్పబోయాడు గానీ, దిష్టి తీసే ఆడవాళ్ళకు అడ్డుపడే ధైర్యం దేవుళ్ళకే లేదు, సామికెక్కడిది?

మామూలు పిల్లకైతే గుప్పెడు ఎండుమిరపకాయలు, కాస్త రాళ్ళుప్పు చాలు. కొండంత గాలికి ఎన్ని కావాలి? ఏడాది పచ్చళ్ళకని దాచిన మిరపకాయలన్నీ ఇంటింటికీ వెళ్ళి బానలతో తెచ్చారు. వాటిని పట్టుకుని కొండచుట్టూ తిరిగారు. కొండెక్కి చూసినోళ్ళ దిష్టి, కొబ్బరికాయ కొట్టినోళ్ళ దిష్టి, బండెక్కి వచ్చినోళ్ళ దిష్టి, అన్నీ పోవాలని ముమ్మారు తుపుక్కుమన్నారు. గాలి ముక్కుకింద పెద్ద మంట వేసి, అందులో పోశారు.

దిష్టి లెక్క అందరికీ తెలిసిందే. మిరపకాయలు మాడినప్పుడు ఘాటు వస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా ఉన్నట్టు.

ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చి చూశారు. ఒక్కరికీ ఘాటు రాలేదు. ఒక్క తుమ్ము లేదు, ఒక్క దగ్గు లేదు. అమ్మో, ఎంత దిష్టి అని గుండెలు బాదుకున్నారు.

అసలు సంగతేమిటంటే, గాలే లేదు కదా. పొగ అటూఇటూ పాకడానికి లేదు. తాడు వేలాడదీసినట్టు నిటారుగా పైకిపోతోంది. సరిగ్గా గాలి ముక్కు రంధ్రాల దగ్గరకు పోయి, గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా అక్కడే ఆగుతోంది. ఇది ఎవరికీ తోచలేదు. ఇంకా పొయ్యమంది అసిరి. ఇంకా పోశారు. ఘాటు రాలేదు. పక్క ఊళ్ళనుంచి తెప్పించి పోశారు. ఆ ఏడాది చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ ఆవకాయ లేదు.

చివరికి ఆ పొగ గుమ్మం దాటింది.

గాలి ముక్కు ఒకసారి అదిరింది. ఇంకోసారి అదిరింది. కనుబొమలు నెత్తికెక్కాయి. ముసలమ్మలు ఏదో జరగబోతోందని బండలు పట్టుకున్నారు.

తుమ్మింది.

ఆ తుమ్ముకు నున్నకొండమీది చెట్లన్నీ పోయాయి. అందుకే అది నున్నకొండ. అంతకుముందు దాని పేరు అడవికొండ, నేను చెప్పడం మర్చిపోయాను. సముద్రం నడుమ పాపిట తీసినట్టు చీలి, అడుగునున్న పీతలు సిగ్గుపడి కాళ్ళు ముడుచుకున్నాయి. నిన్న ఎగిరొచ్చిన మూడు కోళ్ళూ ఏదో దీవిలో పడి, అక్కడ వాటి మునిమనవలు రాజ్యమేలుతున్నాయని వినికిడి.

ఊరంతా ఆనందంగా కేకలు పెట్టింది. దిష్టి పోయింది, గాలి కదిలింది. అలవాటు కొద్దీ నలుగురైదుగురు "చిరంజీవ" అని కూడా అన్నారు.

అసిరి కేక పెట్టలేదు. కొండమీంచి చూస్తోంది. గాలి తుమ్మింది సముద్రం వైపు. తెప్పలన్నిటినీ ఇంకా లోపలికి తోసేసింది. నిన్న రొయ్యపిల్లంత ఉన్న తెరచాప ఇవాళ నువ్వుగింజంత కూడా లేదు. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

మెల్లగా అందరికీ అర్థమైంది. అందరూ అసిరివైపు తిరిగారు. మిరపకాయలు పొయ్యమన్నది తనే.

ఇప్పుడా తెప్పలు వెనక్కి రావాలంటే గాలి మళ్ళీ ఊపిరి లోపలికి పీల్చాలి. పీల్చేదెక్కడిది? ముక్కుమంటకు గాలి చిక్కి, గొర్రెపిల్లంత అయిపోయి, ఒక బండ వెనక నక్కి వెక్కుతోంది. ఇక జన్మలో ఊపిరి పీల్చనంది. లోపలికి పీలిస్తే లోకం మంటగా ఉందంది.

అసిరి బతిమాలింది. బెదిరించింది. బుజ్జగించింది. బండను చరిచి మరీ అరిచింది. అరిచినకొద్దీ గాలి ఇంకా ముడుచుకుంది. అసిరికి తనక్కూడా ఊపిరాడటం లేదని అప్పుడు తెలిసింది. ఆ బండకే ఆనుకుని కూర్చుంది.

సామి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దానికి చెప్పి లాభం లేదమ్మా. ఏడ్చే పిల్లకు మాట వినపడదు. పక్కనున్న మనిషి ఊపిరి వినపడుతుంది. నువ్వు పీల్చు."

"నాకు నీ మంత్రాలు రావు సామీ."

"పుట్టినకాడినుంచీ చేస్తున్నానని నువ్వే అన్నావు కదా. చేస్తూనే ఉన్నావు. వినలేదంతే."

అసిరికి నోట మాట రాలేదు. గవ్వలపేట చరిత్రలో అది మొదటిసారి. కొండకింద ఉన్నవాళ్ళు ఏమైందోనని కంగారుపడ్డారు కూడా.

వెన్ను నిటారుగా పెట్టుకుంది. గంప మోసిన వెన్ను, అది మాత్రం కష్టం కాలేదు. కళ్ళు మూసుకుంది. ఊపిరి పీల్చింది. మొదటి ఊపిరి చేపలు బేరమాడినట్టు వచ్చింది, లాగి, తెంపి, విసిరేసినట్టు. సామి మెల్లగా అన్నాడు, నువ్వు లాక్కు రానక్కర్లేదు, అదే వస్తుంది, వాకిట్లో కూర్చుని చూడు చాలని.

చూసింది. ఊపిరి దానంతటదే లోపలికి వచ్చింది. సో. దానంతటదే బయటికి పోయింది. హం.

అంతలో మనసు తెప్ప దగ్గరకు పరుగెత్తింది. నీళ్ళున్నాయో లేదో. ఎండకు పడిపోయాడో ఏమో. పీడా విరగడవుద్దని తను అన్న మాటే ఆఖరి మాటవుతుందేమో. మనసు పారిపోతే ఏం చెయ్యాలని సామిని అడిగింది. సందు చివరికి పోయిన కోడిపిల్లను ఏం చేస్తావని ఆయన అడిగాడు. తిట్టకుండా ఎత్తుకొచ్చి గంపకింద పెడతానంది. అదే చెయ్యమన్నాడు.

అదే చేసింది. పోయిన మనసును ఎత్తుకొచ్చి ఊపిరి దగ్గర పెట్టింది. మళ్ళీ పోయింది. మళ్ళీ ఎత్తుకొచ్చింది. ఎన్నిసార్లంటారా, సముద్రంలో అలలు లెక్కపెట్టి రండి, చెబుతాను. కానీ పోయినప్పుడల్లా కాస్త దగ్గర్లోనే దొరకడం మొదలైంది. సో. హం. గుండెలమీద రోలు కొంచెం పక్కకు జరిగింది.

బండ వెనక వెక్కిళ్ళు తగ్గాయి.

ఏదో చల్లగా మోకాలికి తగిలింది. అసిరి కళ్ళు తెరవలేదు. గొర్రెపిల్లంత గాలి పాక్కుంటూ వచ్చి ఆవిడ ఒడిలో తల పెట్టింది. ఆవిడ పొట్ట పైకి లేస్తే దాని తలా లేచింది. ఆవిడ పొట్ట దిగితే దాని తలా దిగింది. కాసేపటికి గాలి ఒక ఊపిరి పీల్చి చూసింది. చిన్నది, చీమ ఆవులింతంత. మంట పుట్టలేదు. ఇంకొకటి పీల్చింది.

ఆవిడ ఒడిలోనే గాలి పెరగడం మొదలుపెట్టింది. మేకంత అయింది. ఏనుగంత అయింది. కొండంత అయింది. ఊపిరీ దానితోపాటు పెరిగింది. ఈసారి గుక్క కాదు. నూలు వడికినట్టు సన్నగా, తెగకుండా, సముద్రం చివరినుంచి ఒడ్డుదాకా, ఆగకుండా లోపలికి వస్తూనే ఉంది. సో.

కింద ఒడ్డున కేకలు. తెరచాప నిండిందట. కదిలిందట. లేచి చూడాలని అసిరికి ఒళ్ళంతా గుంజింది. ఒక్కసారి కళ్ళు తెరిచి, మాసికల తెరచాపా కాదా అన్నది చూస్తే చాలు. కానీ తను ఉలిక్కిపడితే గాలి ఉలిక్కిపడుతుంది. గాలి తుమ్మినా దగ్గినా తెప్పలు మళ్ళీ నువ్వుగింజలే.

చూడలేదు. నెత్తిన నిండుకుండ పెట్టుకుని తాడుమీద నడిచినట్టు కూర్చుంది. సో అన్నప్పుడు సో విన్నది. హం అన్నప్పుడు హం విన్నది. ఎండ మొహమ్మీంచి భుజం మీదికి, భుజం మీంచి వీపు మీదికి జరిగింది. ఒడ్డున ఒక్కొక్క తెప్పే ఇసకను తాకుతున్న చప్పుడు వినపడుతోంది. పేర్లు పిలుస్తున్నారు. నూకన్న పేరు వినపడలేదు. అయినా కళ్ళు తెరవలేదు.

చాలాసేపటికి పక్కన ఎవరో చతికిలబడ్డారు. చేపల వాసన, ఉప్పు వాసన.

"ఏటే," అంది ఒక బొంగురు గొంతు, "మిరపకాయలు మాడ్చిన మారాజెవరు? సముద్రం మధ్యలో తుమ్మలేక సచ్చాం."

అసిరి కళ్ళు తెరిచింది. నూకన్న పెదాలు బీటలు తీసి ఉన్నాయి. నవ్వుతున్నాడు. ఆ పొద్దుటి మాట గురించి ఏదో చెబుదామనుకుంది. ఆయన నీళ్ళబుర్ర తిరగేసి చూపించాడు, చుక్క లేదు. లేచి పరుగున నీళ్ళు తెచ్చింది. చెప్పాలనుకున్నదంతా అందులోనే అయిపోయింది.

అప్పటికి పొద్దు వాలింది. గాలి కడుపు నిండింది. పీల్చడం ఆగింది.

ఊరంతా గుండెలు చేత్తో పట్టుకుంది. మళ్ళీ బిగబడుతుందా? ఎవరో అలవాటు కొద్దీ ఆహా ఏం నిష్ఠ అనబోతే, పక్కావిడ వాళ్ళ నోట్లో అరటిపండు కుక్కింది. ఆకు కదల్లేదు. అందరూ సామి వైపు చూస్తే, సామి అసిరి వైపు చూశాడు. అసిరి గాలి వీపుమీద చెయ్యి వేసింది. తన ఊపిరి తాను వదిలింది. హం.

గాలి కూడా వదిలింది. మెల్లగా, చల్లగా, ఒడ్డు మీంచి సముద్రం మీదికి. బుగ్గలు దిగాయి. దాని మొహంలో ఎన్నడూ లేని సుఖం కనపడింది.

"ఇంతేనా?" అంది గాలి.

"ఇంతే," అన్నాడు సామి. "మిగతా సగం ఇదే. నిన్ననే చెప్పాను."

ఇక అసిరి బేరానికి దిగింది. ఏ బేరమూ లేకుండా సామాను చేతులు మారడం ఆవిడ చూడలేదు. నీ ఊపిరి చాలా పెద్దది, కాబట్టి పగలంతా ఒక 'సో' పీల్చు, రాత్రంతా ఒక 'హం' వదులు, తెల్లారగట్ల మావాళ్ళు ఆ హం మీద వేటకు పోతారు, పొద్దెక్కాక నీ సో మీద ఇంటికొస్తారు అంది. గాలి గీచిగీచి బేరమాడింది. కప్పులు పీకడం మానలేనంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు పీక్కోమని అసిరి ఒక మెట్టు దిగింది. తలపాగాలు? తలపాగాలు సరే. మేకకు పంచె? అది ఊరిపెద్దనే అడుక్కోమంది.

ఆఖరికి గాలి ఒక్కటి కోరింది. పీల్చడానికీ వదలడానికీ మధ్య, పొద్దు వాలేవేళ, తనకు కాస్త భయం వేస్తుందట. ఆ కాసేపూ ఎవరన్నా పక్కన కూర్చోవాలట. మాట్లాడక్కర్లేదు, పొగడక్కర్లేదు. ఊపిరి తీసుకుంటూ ఉంటే చాలట. అసిరి సరేనంది. ఆ సాయంత్రం నుంచి ఊరు ఊరంతా వంతులేసుకుని ఇసకలో కూర్చునేది. అసిరి వంతు కాని రోజు కూడా కూర్చునేది. గంప దించి, వెన్ను నిటారుగా పెట్టి.

అప్పటినుంచే పగలు గాలి సముద్రం మీంచి ఒడ్డుకు వస్తుంది, రాత్రి ఒడ్డు మీంచి సముద్రం మీదికి పోతుంది. అప్పటినుంచే పొద్దు వాలేవేళ గాలి ఊపిరి మార్చుకుంటూ కాసేపు నిలబడిపోతుంది, ఆకు కదలదు. ఆ వేళకు జనం పనీపాటా వదిలేసి, ఎవరో పిలిచినట్టు సముద్రం ఒడ్డుకు పోయి, ఏమీ మాట్లాడకుండా కూర్చుంటారు. ఎందుకొచ్చారయ్యా అంటే గాలి పీల్చుకోవడానికంటారు.

అదుగో, చూశారా, వేపకొమ్మ కదలడం ఆగింది. ఒరే, నువ్వే, చివర్న ఆవులిస్తున్నవాడివి. మేడమీద గుమ్మడి వడియాలు ఆరబోశాను. గాలి ఇటు తిరిగిందంటే గుడ్డతో సహా పక్కింటి మేడమీదుంటాయి. దానికి తిరగడానికి ఎంతోసేపు పట్టదు. పో, పోయి ఎత్తుకురా. మెట్లమీద నమలకు, ఆ కరకర ఇక్కడికే కాదు, నాలుగు కొండల అవతలికి వినపడుతుంది.